మూడో నిమిషంలో పోయే ఫ్యూజు: కడపలో ఒక 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, దాని కింద 41 ఏసీలు

మే నెల, రాత్రి పదిన్నర. నలభై నిమిషాలు పోయిన కరెంటు తిరిగొచ్చింది. లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎల్‌టీ (ఇళ్లకు పోయే తక్కువ ఓల్టేజీ వైపు) ఫ్యూజు వేసి, ఒక నిమిషం నిలబడి చూసి, నిలిచిందనుకుని బండెక్కుతాడు. మెయిన్ రోడ్డు దాటకముందే ఫోను: "అన్నా, మళ్లీ పాయె." వెనక్కొచ్చి వేస్తాడు. మళ్లీ మూడు నిమిషాలకే పోతుంది. మూడోసారి ఫ్యూజు తీగ ఇంకో పోగు ఎక్కువ చుడతాడు. ఈసారి నిలుస్తుంది. కాలనీ నిద్రపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం లోపల ఉడుకుతూ ఉంటుంది.

ఫ్యూజు వేసిన వెంటనే ఎందుకు పోదు, మూడో నిమిషంలోనే ఎందుకు పోతుంది? ఈ ఒక్క ప్రశ్న వెనకాల పోతే ఇళ్లలోని ఏసీలకూ వీధిలోని తీగలకూ మధ్య జరిగేదంతా బయటపడుతుంది.

కేసుకు తీసుకున్నది కడప ఊరి అంచున ఉండే కాలనీ నమూనా: 64 సర్వీసులు (కనెక్షన్లు), ఒకే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ (కేవీఏ అంటే అది మోయగల లోడు కొలత), రెండు ఎల్‌టీ లైన్లు. కింద ఇచ్చిన ఆంప్స్, ఓల్టులు అలాంటి కాలనీకి కట్టిన లెక్క. ఒకానొక ట్రాన్స్‌ఫార్మర్ రీడింగు బుక్కులోంచి తీసినవి కావు. తీగ నిరోధం, ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడు వంటివి మాత్రం ఎక్కడైనా అవే.

ఏసీని ఇక్కడ హీట్ పంపుగానే చూడాలి. చలిదేశాల ఇళ్లలో బయటి వేడిని లోపలికి తోడే హీట్ పంపు, మన గోడ మీది స్ప్లిట్ ఏసీ ఒకే యంత్రం. మనది లోపలి వేడిని బయటికి తోడుతుంది, అంతే. కంప్రెసర్ అదే, గ్రిడ్డుకు పెట్టే ఇబ్బందీ అదే. అక్కడ జనవరి తెల్లవారుజామున వచ్చే పీకు మనకు మే నెల రాత్రి పదిన్నరకు వస్తుంది. మధ్యాహ్నం కాకుండా రాత్రి ఎందుకంటే, పగలంతా ఎండ తాగిన మిద్దె స్లాబు ఆ వేడిని నెమ్మదిగా కిందికి వదులుతుంది. బయట గాలి చల్లబడ్డా పడకగది పైకప్పుకు చెయ్యి ఆనిస్తే పదకొండు గంటలకు కూడా వెచ్చగానే ఉంటుంది. పైగా పగలు ఇల్లంతటికీ ఒక ఏసీ తిరిగితే, రాత్రి ప్రతి పడకగదిలోనూ తిరుగుతుంది.

మామూలు రాత్రి లెక్క

100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ వైపు 433 ఓల్టుల దగ్గర ఒక్కో ఫేజుకు (ఆర్, వై, బీ అనే మూడు కరెంటు తీగల్లో ఒక్కోదానికి) 133 ఆంప్స్ ఇస్తుంది. అది ఫుల్ లోడు.

ఏసీ కాకుండా ఒక్కో ఇంటికి ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, లైట్లు కలిపి రాత్రిపూట 350 వాట్లు వేసుకుంటే సుమారు 1.6 ఆంప్స్. 41 ఏసీల్లో 17 పాత ఫిక్స్‌డ్ స్పీడువి, 24 ఇన్వర్టర్‌వి. దాదాపు అన్నీ టన్నున్నరవే. పాత ఏసీ తిరిగినంతసేపూ 1.7 కిలోవాట్లు లాగి, గది చల్లబడగానే ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. ఇన్వర్టర్ ఏసీ ఆగకుండా వేగం తగ్గించుకుని ఆరేడు వందల వాట్లతో నడుస్తుంది. రెండూ కలిపి సగటున ఏసీకి 4 ఆంప్స్.

ఈ ఏసీలు ఫేజుల మీద సమానంగా లేవు: ఆర్ మీద 9, వై మీద 11, బీ మీద 21. ఇలా ఎందుకవుతుందంటే, కొత్త సర్వీసు ఇచ్చేటప్పుడు నిచ్చెనకు అందే తీగకు తగిలిస్తారు. ఒకప్పుడు బీ ఫేజులో ఓల్టేజీ బాగుందని నలుగురు దాని మీదికి మార్పించుకుని ఉంటారు. ఏసీ కొన్నవాళ్లలో ఎక్కువమంది అదనపు లోడు రాయించుకోరు. డిపార్ట్‌మెంటు కాగితాల్లో ఆ ఇల్లు ఇంకా ఒక కిలోవాటు ఇల్లే.

లెక్క వేస్తే మామూలు రాత్రి ఆర్ 68, వై 76, బీ 122 ఆంప్స్. మూడింటి సగటు 89, అంటే ఫుల్ లోడులో మూడింట రెండొంతులు. మొత్తం కేవీఏ ఒక్కటే చూసే మనిషికి ఈ ట్రాన్స్‌ఫార్మర్ హాయిగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఫేజు వారీగా చూస్తే బీ ఫేజు ఇప్పటికే 92 శాతం మీద నిలబడి ఉంది, న్యూట్రల్‌లో (కరెంటు తిరిగొచ్చే ఉమ్మడి తీగలో) 50 ఆంప్స్ పారుతోంది. సగటును నమ్మి "లోడు చాలా తక్కువే" అని రాసిచ్చే రిపోర్టుల వల్ల కూడా ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతాయి.

కరెంటు పోయి వచ్చినప్పుడు

నలభై నిమిషాల్లో గదులన్నీ వేడెక్కాయి. ఇప్పుడు పాత ఏసీ ఏదీ మధ్యలో ఆగదు, ఇన్వర్టర్ ఏసీ ఏదీ వేగం తగ్గించదు. మామూలుగా ఒకటి తిరిగేటప్పుడు ఇంకొకటి ఆగి ఉంటుంది కాబట్టి 41 ఏసీలు గ్రిడ్డుకు ఇరవై ఏసీల్లాగే కనిపిస్తాయి. ఆ వెసులుబాటు ఇప్పుడు పోయింది. ఏసీకి 4 ఆంప్స్ అనుకున్నది 8 అవుతుంది, అదీ అరగంట నుంచి గంట దాకా.

ఆర్ 104, వై 120, బీ 206. బీ ఫేజు 155 శాతం. వైండింగులో (ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగచుట్టలో) పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆ ఫేజు వైండింగు ఫుల్ లోడు వేడికి 2.4 రెట్లు భరిస్తోంది. నూనె వేడెక్కడానికి గంటలు పడుతుంది, వైండింగుకు నిమిషాలు చాలు. ట్యాంకు మీద చెయ్యి పెట్టి "అంత వేడి లేదులే" అనుకోవడం అందుకే మోసం. వైండింగు మీది ఇన్సులేషన్ కాగితం, హాట్‌స్పాట్ (అన్నిటికన్నా వేడెక్కే చోటు) 98 డిగ్రీల దగ్గర మామూలు వయసుతో ముదురుతుంది. అక్కడి నుంచి ప్రతి 6 డిగ్రీలకూ ముదిరే వేగం రెట్టింపు.

ఇక మూడో నిమిషం. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్లీ తిరిగితే లోపలి ప్రెషరు సమం కాక ఇరుక్కుపోతుంది. అందుకని ఏసీ బోర్డులోనే సుమారు మూడు నిమిషాల ఆలస్యం పెడతారు. చాలా స్టెబిలైజర్లలోనూ అదే మూడు నిమిషాలు. ఏసీకి మేలు చేసే ఈ ఏర్పాటే వీధికి కీడు: కరెంటు అందరికీ ఒకే సెకనులో వచ్చింది, అందరి గడియారమూ ఒకే సెకనులో మొదలైంది, మూడు నిమిషాలకు అందరి కంప్రెసర్లూ ఒకేసారి లేస్తాయి. టన్నున్నర పాత ఏసీ లేచేటప్పుడు అర సెకను లోపు 40 ఆంప్స్ దాకా లాగుతుంది. ఒకే ఫేజులో అయిదు కలిసి లేస్తే అదనంగా 200. సన్నటి ఫ్యూజు పోయేది అక్కడే. ఇన్వర్టర్ ఏసీ మెత్తగా లేస్తుంది, దాని వల్ల ఆ దెబ్బ ఉండదు. కానీ నాలుగైదు నిమిషాల్లో పూర్తి వేగానికి చేరి అక్కడే కూర్చుంటుంది.

లైను చివర ఏం జరుగుతుంది

దక్షిణం వైపు లైను 350 మీటర్లు, వీజిల్ అనే సన్నరకం అల్యూమినియం తీగ. దాని నిరోధం 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు 0.91 ఓము, వేడెక్కిన తీగకు 1.06 వేసుకోవాలి. బీ ఫేజులో ఈ లైను మీద 13 ఇళ్లు, 11 ఏసీలు: కరెంటు వచ్చిన అయిదో నిమిషంలో 110 ఆంప్స్. ఇళ్లు లైను పొడవునా పరుచుకుని ఉన్నాయి కాబట్టి లోడంతా సగం దూరంలో ఉన్నట్టు లెక్క కట్టొచ్చు. 175 మీటర్లకు 0.186 ఓము, ఫేజు తీగలో 20 ఓల్టులు పోతాయి. న్యూట్రల్‌లో తిరిగొచ్చే 50 ఆంప్స్ ఇంకో 9 తింటుంది. తీగ రియాక్టెన్సుకు (నిరోధం కాక తీగ పెట్టే ఇంకో అడ్డుకు) 2. ట్రాన్స్‌ఫార్మర్ లోపలే 11. లోడు లేనప్పుడు 240 ఉండే చోట 198 మిగిలింది. ఇంటి సర్వీసు తీగ 4 తీసుకుంటే మీటరు దగ్గర 193 లేదా 194. 230కి 6 శాతం తగ్గుదల అనుమతి, అంటే 216. దానికి ఇది చాలా కింద.

ఇప్పుడు చివరి ఇంట్లో పాత ఏసీ లేవబోతుంది. 40 ఆంప్స్ పూర్తి 350 మీటర్లు వెళ్లి న్యూట్రల్‌లో తిరిగి రావాలి. ఇంకో 28 ఓల్టులు పోయి 165 అవుతుంది. 195కి కిందైతే లేవడమే కష్టమైన కంప్రెసర్ అక్కడ మూలుగుతుంది. చెవి పెడితే వినిపిస్తుంది: "ఊమ్" అని ఏడెనిమిది సెకన్లు, తర్వాత "టక్". ఆ టక్ ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ తెగిన చప్పుడు. మూలిగినంతసేపూ ఆ 40 ఆంప్స్ లైనులో పారుతూనే ఉంది, పక్కింటి ఓల్టేజీని లాగేస్తూనే ఉంది. ప్రొటెక్టర్ చల్లారాక మళ్లీ ప్రయత్నం, మళ్లీ మూలుగు.

స్టెబిలైజరు పెట్టుకున్న ఇల్లు తాను బయటపడ్డాననుకుంటుంది. స్టెబిలైజరు ఓల్టేజీని పుట్టించదు. 170 తీసుకుని 220 ఇస్తోందంటే ఏసీ లాగే 8 ఆంప్స్‌కు లైను నుంచి పదికి పైగా లాగుతోందని అర్థం. ఇన్వర్టర్ ఏసీదీ అదే స్వభావం: ఓల్టేజీ తగ్గితే అదే పవరు కోసం కరెంటు పెంచుతుంది, 230 దగ్గర 7.4 లాగేది 190 దగ్గర 9. పాత బల్బు లైను కుంగితే తానూ మసకబారి లైనుకు కాస్త ఊపిరి ఇచ్చేది. వీటికి ఆ గుణం లేదు. కాలనీలో చాలామంది స్టెబిలైజర్లు కొనుక్కున్న ఏడాది, స్టెబిలైజరు లేని ఇళ్లలో ఫ్యాను తిరగదు.

ముందు కొలవాలి

టాంగ్ టెస్టరు (తీగ చుట్టూ పట్టి ఆంప్స్ చూసే మీటరు) చాలు. ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ కేబుళ్ల మీద మూడు ఫేజులు, నాలుగోది న్యూట్రల్. రాత్రి పది నుంచి పదకొండున్నర దాకా పావుగంటకొకసారి. అదే సమయానికి లైను చివరి ఇంట్లో ఒకరు ప్లగ్గు దగ్గర ఓల్టేజీ రాసుకోవాలి. ఎక్కువమంది న్యూట్రల్ వదిలేస్తారు, అసలు కథ దాంట్లోనే ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన రోజు ఒకటి, మూడు, అయిదు, పది, ముప్పై నిమిషాల దగ్గర ఇంకో వరుస రాయాలి. మూడో నిమిషం రీడింగు ఎగిరి అయిదుకు దిగితే రోగం పాత కంప్రెసర్ల లేపుడు. అయిదు నుంచి ముప్పై దాకా దిగకపోతే వేడెక్కిన ఇళ్ల పూర్తి లోడు. రెండింటికీ మందులు వేరు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రీడింగు తీసేది డిపార్ట్‌మెంటు మనిషే కావాలి. కాలనీవాళ్ల పని ఇంటి లోపలి ఓల్టేజీ వరకే.

ఏం చేశాక ఎంత మారుతుంది

మొదటి పని ఫేజులు సమం చేయడం. ఎల్‌సీ (లైను ఆపి పనిచేయడానికి అనుమతి) తీసుకుని, ఏసీ ఉన్న సర్వీసులను ఆర్ 14, వై 14, బీ 13గా మార్చాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లెక్క సరిపోతే చాలదు. స్తంభం వెంట స్తంభం సమం కావాలి. ఉత్తరం లైను బీ లోడు తగ్గించి దక్షిణం లైనును అలాగే వదిలేస్తే మొత్తం సమంగా కనిపిస్తుంది, దక్షిణం న్యూట్రల్ మాత్రం మండుతూనే ఉంటుంది. త్రీఫేజు మోటార్లున్న సర్వీసుల ఫేజు వరుస కదల్చకూడదు, బోరు మోటారు వెనక్కి తిరుగుతుంది.

ఇది చేశాక మామూలు రాత్రి ఒక్కో ఫేజు 90 దగ్గర ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక 146, 146, 139. బీ ఫేజు 155 శాతం నుంచి 105కు దిగింది. మిగతా రెండూ 110 దగ్గర. ఆ కాస్త ఓవర్‌లోడును అరగంట ట్రాన్స్‌ఫార్మర్ ఓర్చుకోగలదు. దక్షిణం లైనులో ఎక్కువ లోడున్న ఫేజు 82 ఆంప్స్, న్యూట్రల్‌లో పెద్దగా ఏమీ లేదు. చివరి ఇంట్లో 193 ఉన్న చోట 211. కొత్త తీగ ఒక్క మీటరు కూడా వేయకుండా 18 ఓల్టులు.

న్యూట్రల్ జాయింట్లు ఆ ఎల్‌సీలోనే చూసుకోవాలి. ఏళ్ల తరబడి 50 నుంచి 95 ఆంప్స్ మోసిన చుట్టు జాయింటు నల్లబడి వదులై ఉంటుంది. అది పూర్తిగా తెగిన రాత్రి లోడు తక్కువున్న ఫేజు ఇళ్లకు 300 దాటి ఓల్టేజీ వస్తుంది; టీవీలు, ఫ్రిజ్ బోర్డులు వరసగా పోయేది అప్పుడే. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తు గుంతల్లో ఎండాకాలం తడి ఉండదు కాబట్టి ఎర్తు ఆదుకుంటుందన్న భరోసా కడప నేలలో పెట్టుకోవద్దు. ఏప్రిల్ నుంచి గుంతలకు నీళ్లు పోయించాలి.

రెండోది, ఏసీలు లేచే సమయం చెదరగొట్టడం. కరెంటు పోగానే ఏసీ ఎంసీబీ దించేయాలి. తిరిగొచ్చాక మీటరు నంబరు చివరి అంకెను బట్టి ఒకరు మూడు, ఒకరు ఆరు, ఒకరు తొమ్మిది నిమిషాలకు ఎత్తాలి. నిద్రలో ఎవరు లేస్తారంటారా, ఏసీ సర్క్యూటులో డిలే టైమరు పెట్టించుకోవచ్చు. ఇక్కడ ఒక పొరపాటు ఆశ ఉంది. మూడేసి నిమిషాల తేడా లేపుడు దెబ్బను మాత్రమే తగ్గిస్తుంది, ఫ్యూజును కాపాడుతుంది. ఇళ్లు చల్లబడటానికి అరగంట పైనే కావాలి కాబట్టి పదో నిమిషానికి 41 ఏసీలూ పూర్తి లోడు మీదే ఉంటాయి. ఆ లోడు తగ్గాలంటే గుంపుల మధ్య ఇరవై నిమిషాలన్నా ఎడం కావాలి, లేదా ఇన్వర్టర్ ఏసీలు తగ్గి నడవాలి. ఇప్పుడు వచ్చే చాలా ఇన్వర్టర్ ఏసీల రిమోటులో 40, 60, 80 శాతం మోడ్ ఉంది. కరెంటు వచ్చాక అరగంట 60 మీద పెడితే 8 ఆంప్స్ లాగేది 4.5 దగ్గర ఆగుతుంది. ఆ 24 ఏసీలూ అలా నడిస్తే ఒక్కో ఫేజులో 28 ఆంప్స్ తగ్గి, 146 కాస్తా 118 అవుతుంది. గది చల్లబడటం పావుగంట ఆలస్యమవుతుంది, అంతే.

ఈ పనినే జర్మనీ చట్టంతో చేయిస్తోంది. అక్కడ 2024 జనవరి 1 నుంచి కొత్తగా పెట్టే 4.2 కిలోవాట్లు దాటిన హీట్ పంపులు, ఇంటి చార్జర్లను, లైను కుంగుతుంటే నెట్‌వర్కు సంస్థ 4.2 కిలోవాట్ల దాకా తగ్గించవచ్చు. బదులుగా ఆ ఇంటికి గ్రిడ్డు చార్జీలో తగ్గింపు ఇస్తారు. పూర్తిగా ఆపడం లేదు, తగ్గిస్తున్నారు. మన రిమోటులోని 60 శాతం మీట చేసేదీ అదే, దూరం నుంచి నొక్కేవాళ్లు లేరంతే.

లైన్‌మన్ వైపు నుంచి: రెండు ఎల్‌టీ లైన్లకూ విడి ఫ్యూజులున్నప్పుడు ఒక లైను వేసి ఇరవై నిమిషాలు ఆగి రెండోది వేయాలి. జనం తిడతారు. మూడుసార్లు ఫ్యూజు పోతే రెండు లైన్లూ గంటసేపు చీకట్లోనే ఉంటాయి కదా. పోగు ఎక్కువ చుట్టడం మాత్రం ఏ రాత్రీ చేయకూడని పని. 11 కేవీ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్లకు వచ్చే లైను) మీద కూడా ఇదే జరుగుతుంది: గంట పోయి వచ్చిన ఫీడరును ఒకేసారి ఎత్తితే సబ్‌స్టేషన్‌లో ఓవర్‌కరెంటు రిలే కొడుతుంది. ఏబీ స్విచ్‌లు (స్తంభాల మీద లైనును విడదీసే స్విచ్‌లు) తెరిచి ముక్కలు ముక్కలుగా ఎత్తుకోవాలి.

ఇళ్లలో చేయాల్సినవి చిన్నవి. పాత ఏసీ కెపాసిటరు కొలిపించాలి; 50 మైక్రోఫారడ్ అని రాసున్నది 40 చూపిస్తే ఆ కంప్రెసర్ తక్కువ ఓల్టేజీలో లేవదు. అవుట్‌డోరు యూనిట్లు ఇరుకు సందులో ఎదురెదురుగా పెడితే ఒకటి వదిలిన వేడిగాలి ఇంకొకటి పీల్చి రెండూ ఎక్కువ కరెంటు తాగుతాయి. మిద్దె మీద మార్చిలోనే సున్నమో తెల్ల కూల్‌రూఫ్ పెయింటో కొట్టిస్తే స్లాబు తాగే వేడే తగ్గుతుంది. 2020 నుంచి కొత్త ఏసీలు 24 మీదే తెరుచుకుంటున్నాయి. జనం వెంటనే 18కి దించుతారు. 18 పెడితే పాత ఏసీ వేగంగా చల్లబరచదు, తెల్లారేదాకా ఆగకుండా తిరుగుతుంది. అన్నట్టు మన పొడి ఎండకు 200 వాట్ల కూలరు రాత్రి పది దాకా బాగానే పనిచేస్తుంది. తీరప్రాంతం వాళ్లకు లేని అదృష్టం అది, దాన్ని అటక మీద పెట్టేశాం.

160 కేవీఏ వేస్తే సరిపోదా

కాలనీ అడిగేది ఎప్పుడూ ఇదే. సరిపోదు. 160 వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ లోపల పోయే 11 ఓల్టుల్లో నాలుగు మిగులుతాయి. వీజిల్ తీగలోనూ న్యూట్రల్‌లోనూ పోయే 29 ఓల్టులు అలాగే పోతాయి. చివరి ఇంటికి 193 బదులు 197. అదే ఖర్చు పెట్టగలిగితే దక్షిణం లైను మధ్యలో 63 కేవీఏది ఇంకొకటి దింపి లైనును విడగొట్టాలి. లోడు సగం, దూరం సగం కాబట్టి తీగలో పోయే ఓల్టులు పావు వంతుకు దిగుతాయి. స్థలం ఇవ్వడానికి ఎవరూ ముందుకు రారు, ఎవరి ఇంటి ముందూ ట్రాన్స్‌ఫార్మర్ వద్దంటారు. నిజమైన అడ్డంకి డబ్బుకన్నా అదే.

మిద్దె సోలారు గురించి అడుగుతారు. అది పగటి బిల్లు తగ్గిస్తుంది, రాత్రి పదిన్నరకు దాని వాటా సున్నా. కర్నూలు వైపు 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్నా, పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లు ఎత్తిపోసి రాత్రికి దాచే 1,680 మెగావాట్ల ప్రాజెక్టు ఉన్నా, కాలనీ చివరి 350 మీటర్ల వీజిల్ తీగకు అవి తెలియవు.

సమం చేసిన ఫేజులు ఒక్క ఎండాకాలంలో మళ్లీ చెడతాయి. ఏప్రిల్‌లో పది కొత్త ఏసీలు వస్తాయి, ఏ ఇల్లు ఏ ఫేజు మీదుందో ఎవరికీ గుర్తుండదు. ఎల్‌సీ తీసుకున్న రోజే ప్రతి మీటరు బోర్డు మీద ఎరుపో పసుపో నీలమో ఒక పెయింటు చుక్క పెట్టించాలి. కొత్త ఏసీ బిగించే మెకానిక్కు ఆ చుక్క చూసి చెబితే, లైన్‌మన్ తన నోటుబుక్కులో ఆ ఫేజు కింద ఒక గీత పెంచుకుంటాడు. ఏ రంగు కిందైనా గీతలు మిగతా రెండింటికన్నా మూడు ఎక్కువైతే, తర్వాతి ఏసీ ఇంటిని ఆ ఫేజు మీద ఉంచకూడదు.